ఎదురుగా నిలబడ్డ మనిషి

మొదలైంది ఒక మంగళవారం. జూలై నెల, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. బడి ఆఫీసు ముందు, గోడగడియారం కింద బెంచీ మీద నేనూ నా మనుమరాలు శ్రావ్యా కూర్చుని ఉన్నాం. ప్రిన్సిపాల్ మేడమ్ మమ్మల్ని తొమ్మిదింటికి రమ్మంది. టీసీ తీసుకుని పొమ్మనడానికే పిలిచిందని నాకు ముందే తెలుసు. అంతకు ముందు బడిలోనూ ఇట్లాంటి బెంచీ మీదే కూర్చోబెట్టారు.

శ్రావ్యకు అప్పుడు ఎనిమిదేళ్లు. మూడో తరగతి. అక్షరాలు తిరగేసి రాసేది. రాసినదాన్ని తనే చదవలేకపోయేది. హైదరాబాదులో చూపిస్తే డాక్టరమ్మ రెండు సంగతులు చెప్పింది. తెలివికి లోటు లేదు, చదవడం రాయడం దగ్గరే ఇబ్బంది అన్నది ఒకటి. కాళ్లూ చేతులూ ఒకదానితో ఒకటి కలిసి రావడం లేదు, ఇట్లాంటి పిల్లల్లో కొందరికి అదీ ఉంటుంది అన్నది రెండోది. ఇంట్లో అందరూ మొదటిదాని గురించే ఏడ్చారు. నాకు రోజూ కనిపించేది రెండోది. మాది బీట్‌బజారులో కిరాణా దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో బస్తాల మధ్య నడిస్తే శ్రావ్య ప్రతి బస్తాకూ తగులుకునేది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, గోడ పట్టుకుని దిగేది. గుండీలు పెట్టుకోలేదు. ఎవరైనా ఏదైనా విసిరితే పట్టుకోవడానికి బదులు కళ్లు గట్టిగా మూసుకునేది.

ప్రార్థన అయిపోయి పిల్లలు లోపలికి వెళ్తుంటే, వరండాలో ఒకాయన మా ముందు ఆగాడు. యాభై దాటిన మనిషి. తెల్ల ప్యాంటు, సుద్దముక్క రుద్ది తెల్లగా చేసిన కాన్వాసు బూట్లు, మెడలో విజిల్. పేరేంది, ఏ క్లాసు అని అడగలేదు. జేబులోంచి దస్తీ తీసి, మడత విప్పి, పైకి వదిలాడు. దస్తీ గాలిలో అటూ ఇటూ జారుతూ నిమ్మళంగా కిందికి వచ్చింది. శ్రావ్య దాన్నే చూసింది. ఒళ్లో పడ్డాక దాని మీద చెయ్యి వేసింది.

"శాబాష్!" అన్నాడాయన.

"పట్టుకోలేదు కద సారూ," అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే నాకు తోచదు.

"పట్టుకున్నదని నేనెప్పుడన్న? కండ్లు మూయలే. గందుకే శాబాష్. బంతి అయితె మీదికి ఉరికొస్తది, పిల్ల భయపడ్తది. దస్తీ అయితె చెప్పి వస్తది."

అంతే. దస్తీ తీసుకుని సీదా ఆఫీసులోకి పోయాడు. తలుపు సగం తెరిచే ఉంది.

"మేడమ్, గా పిల్లను ఉండనియ్యుండ్రి. నా దగ్గర పది మంది ఉన్నరు. గీ పిల్లతోని పదకొండు."

"మీ దగ్గర ఏముంది సార్? అది క్లాసా? డ్రిల్లు పీరియడ్."

"క్లాసుల ఏం రానోళ్లకు డ్రిల్లే క్లాసు మేడమ్."

దానికి మేడమ్ అంది. "ఈ ఒక్క సంవత్సరం చూస్తా. జనవరి ఇరవయ్యారుకు గెస్టు ముందర ఆ పదకొండు మందితో ఏం చేయిస్తారో చేయించండి. పేరెంట్స్ మెచ్చుకుంటే పీరియడ్ ఉంటది, పిల్లలుంటరు. లేకపోతే నన్ను మళ్లీ అడగొద్దు."

ఆ రోజు టీసీ ఇవ్వలేదు.

ఆయన మొన్న శ్రావణంలో పోయాడు. మా దుకాణానికి ధర్మసాగర్ నుంచి బియ్యం వేసుకొచ్చే ఆటో అతను నాలుగు రోజుల తర్వాత చెప్పాడు, బస్తాలు దింపుతూ దింపుతూ. ఆయనది ఆ పక్క ఊరే. పేరు ఇక్కడ రాయను. బడిలో ఆయన్ని ఎవరూ పేరుతో పిలిచింది లేదు. డ్రిల్లు సారు, అంతే.

మొదటి వారం ఆయన ఆ పదకొండు మందికీ నేర్పింది కింద పడడం. శ్రావ్యను దింపి నేను వెంటనే ఇంటికి వచ్చేదాన్ని కాదు. గ్రౌండులో నీళ్ల ట్యాంకు నీడన కూర్చునేదాన్ని. ఆయన తెల్ల ప్యాంటుతోనే ఆ మట్టిలో నిలబడి, మోకాళ్లు వంచి, చేతులు ముందుకు పెట్టి, తల పక్కకు తిప్పి ధబ్బున పడేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరూ పడాలి. పడ్డవాళ్లందరికీ శాబాష్. శ్రావ్య వంతు వచ్చి అది వాలగానే నేను లేచి పరుగెత్తాను.

"కూసోండ్రమ్మా!" అని అరిచాడు, పిల్లల ముందే, నన్ను. "మీరు గిట్ల ఉరికొచ్చి పట్టుకోవట్టే గీ పిల్లకు పడుడు రాలే. పడుడు రానోళ్లకు నడుసుడు ఎట్లొస్తది?"

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అది ఆయన గమనించినట్టు లేదు. మూడో రోజు వచ్చి, మీ దుకాణంలో బెల్లం మంచిగుంటదట కద అన్నాడు.

నేర్పే పద్ధతి ఒకటి ఉండేది ఆయనకు. ఎప్పుడూ పిల్లలకు ఎదురుగా నిలబడేవాడు. కుడి ఎడమలు తెలియని పిల్లలు వాళ్లు. అందుకని "కుడి చెయ్యి" అంటూ తన ఎడమ చెయ్యి లేపేవాడు. అద్దంలో చూసినట్టు వాళ్లు ఆ వైపు చెయ్యే లేపేవాళ్లు. కాలూ అంతే, మలుపూ అంతే. ఎన్నో ఏళ్లు అట్లా చేసి చేసి ఆయనకు తన కుడి ఏదో ఎడమ ఏదో తారుమారైపోయింది. ఒకసారి ఇద్దరం ఒకే ఆటోలో వస్తున్నాం. చౌరస్తా దగ్గర "కుడికి తిప్పు" అంటూ చెయ్యి ఎడమ వైపు చూపించాడు.

ఆటో అతను బండి నడిరోడ్డులో ఆపేశాడు. "ఏ దిక్కు సారూ? నోరొకటి చెప్తాంది, చెయ్యొకటి చెప్తాంది."

"చెయ్యి దిక్కు పోవయ్యా. నోటికేం ఎరుక?"

గొప్పలు కూడా ఉండేవి. వయసులో జిల్లాకు పరుగు పందెంలో ఉరికానని చెప్పేవాడు. ఒకసారి నాలుగు వందల మీటర్లు అనేవాడు, ఇంకోసారి ఎనిమిది వందలు. మొన్న నాలుగు వందలన్నారు కదా అంటే, ఏమాత్రం తడుముకోకుండా "రెండు ఉరికిన" అన్నాడు. శ్రావ్య దసరాకల్లా పేపరు చదువుతుందని దుకాణంలో పది మంది ముందు మా కొడుకుతో అన్నాడు. దసరా వచ్చింది, పోయింది. నేను అడిగాను. "ఏ దసరా అని చెప్పలే గద అమ్మా," అన్నాడు. ఉన్న సంగతి రాస్తున్నాను, శ్రావ్యకు చదువు రాలేదు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. కాళ్లూ చేతులూ కలిసి వస్తే చదువు దానంతట అదే వస్తుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం తప్పు.

కానీ మిగతాది వచ్చింది. దసరా లోపల శ్రావ్య విప్పిన దస్తీ పట్టుకుంది. తర్వాత ముడి వేసిన దస్తీ, తర్వాత మేజోడు చుట్టిన ఉండ. పై గుండీ తప్ప అన్ని గుండీలూ పెట్టుకుంది. ఒంటి కాలి మీద ఆయన విజిల్ ఊదినంతసేపూ నిలబడింది. ఒక పొద్దున మెట్ల మీద నుంచి ఒక కాలు తర్వాత ఒక కాలు వేసుకుంటూ దిగింది. కింద దుకాణం గుమ్మంలో సారు నిలబడి ఉన్నాడు, బెల్లానికి వచ్చి. ఆయన్నే చూస్తూ దిగింది. మా కోడలు పైనుంచి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన్నే చూస్తూ దిగిందన్న మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

సద్దుల బతుకమ్మ నాడు మా వాడలో ఆడవాళ్లందరం చుట్టూ తిరుగుతున్నాం. అంతకు ముందు ఏడు శ్రావ్యను ఆ వరుసలో నిలబెడితే, వంగి చప్పట్లు కొట్టే చోట అది నిలబడేది, అడుగు వేసే చోట చప్పట్లు కొట్టేది. వెనకామె వచ్చి తగిలేది. చివరికి ఎవరో భుజం పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు. ఈసారి అదే వరుసలో నిలబడింది. పాట అందుకున్నారు. శ్రావ్య కదల్లేదు, మెడ తిప్పి ఎవరికోసమో వెతుకుతోంది. దుకాణం అరుగు మీద చాయ్ తాగుతున్న సారు గ్లాసు కింద పెట్టి, బతుకమ్మలకూ శ్రావ్యకూ మధ్య ఆ వరుస లోపలికి వచ్చాడు. దాని ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, వంగి, చప్పట్లు కొట్టి, అడుగు వేసి.

"ఏంది సారూ, చీర గూడ కట్టుకురాకపోయినవ్!" అని ఎదురింటి పద్మక్క అరిచింది. వాడంతా నవ్వింది.

"వచ్చే ఏడు కట్టుకొస్త తియ్యక్కా," అన్నాడు, ఆగకుండా. శ్రావ్య ఒక్క చప్పట తప్పకుండా ఆడింది. ఆ రాత్రి దాని పాదాల పసుపు కడుగుతుంటే, "సారు మంచిగ ఆడిండు కద నానమ్మా," అంది. తను ఆడానని అనలేదు.

జనవరి ఇరవయ్యారుకు వారం ముందు మేడమ్ గ్రౌండుకు వచ్చింది. స్టేజీ ఎటు వేస్తారో, అతిథి ఎక్కడ కూర్చుంటాడో చూపించింది. పిల్లలు స్టేజీకి మొహం పెట్టి నిలబడాలి. సారు ఎప్పటిలాగే వాళ్లకు ఎదురుగా, అంటే స్టేజీకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఇట్ల కాదు సార్. గెస్టుకు వీపు చూపిస్తరా? పోయినేడు ఒక టీచర్ ఇట్లనే నిలబడితే ఎంత మాట వచ్చింది నాకు! మీరు పిల్లల ఎన్కాల ఉండి విజిల్ ఊదండి."

"పిల్లలకు నేను కనపడాలె మేడమ్."

"ఆరు నెలలు నేర్పిండ్రు. ఇంకా కనపడాల్నా?"

ఆయన ఆ వారమంతా పిల్లల వెనక నిలబడి చేయించడానికి చూశాడు. మొదటి రోజు ఎవరూ కదల్లేదు. మూడో రోజు ఇద్దరు చేతులు లేపారు. అయిదో రోజు బ్యాండు వాళ్ల ప్రాక్టీసు అని గ్రౌండు ఇవ్వలేదు.

ఇరవయ్యారు నాడు తల్లిదండ్రులకు స్టేజీకి ఎదురుగా, గ్రౌండు ఆ చివర కుర్చీలు వేశారు. నేను నీళ్ల ట్యాంకు దగ్గర, మొదటి వరుసలో. మాకు ముందు సారు. ఆయన ముందు పదకొండు మంది పిల్లలు, మాకు వీపు పెట్టి, తెల్ల బట్టల్లో, చేతుల్లో తలా ఒక దస్తీతో. వాళ్లకు అటు స్టేజీ మీద అతిథి, మేడమ్, పూలదండలు. మైకులో పేరు పిలిచారు. సారు విజిల్ ఊదాడు.

పదకొండు మందీ వెనక్కి తిరిగారు.

ఒకరిని చూసి ఒకరు తిరగలేదు. అందరూ ఒక్కసారే, ఆయన ఎక్కడున్నాడో అటు. సారు గాభరాపడి, అటు తిరగండని చెయ్యి ఊపాడు. పదకొండు చేతులు అట్లాగే ఊగాయి. కుర్చీల్లోంచి పెద్దగా నవ్వులు లేచాయి. ఆయన ఇంకోసారి ఊపాడు. వాళ్లు ఇంకోసారి ఊపారు. స్టేజీ మీద అతిథి కూడా నవ్వి, పక్కాయనతో ఏదో అని, ఫోను తీశాడు.

అప్పుడు ఆయన చెయ్యి దించి, విజిల్ మళ్లీ నోట్లో పెట్టుకుని, రోజూ చేయించినట్టే మొదలుపెట్టాడు. చేతులు పైకి, పక్కకు, కిందికి. మోకాలు. ఒంటి కాలు. దస్తీలన్నీ ఒకేసారి పైకి లేచాయి, ఒకేసారి చేతుల్లోకి వచ్చాయి. ఒక్కటి కింద పడలేదు. నేను కళ్లార్పకుండా చూశాను, ఒక్కటంటే ఒక్కటి పడలేదు. శ్రావ్య మొహం నాకు ఎదురుగానే ఉంది. నన్ను చూడలేదు.

స్టేజీ మీద వాళ్లకు కనిపించింది పదకొండు వీపులు. మా దిక్కు కూర్చున్నవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మేడమ్ మైకు అందుకుని, "సారీ సర్, వీళ్లు కొంచెం స్పెషల్ పిల్లలు, అర్థం చేసుకోవాలి," అంది. అతిథి పెద్దమనసుతో చప్పట్లు కొట్టాడు.

అందరూ లడ్డూల దగ్గరికి వెళ్లాక, సారు స్కూలు వ్యాను మెట్టు మీద కూర్చుని బూట్ల మీది మట్టి దులుపుకుంటున్నాడు.

"ఒక్క దస్తీ పడలేదు సారూ. నేను చూసిన," అన్నాను.

"మీరు చూస్తే ఏం లాభం అమ్మా," అన్నాడు. తల ఎత్తకుండా, "తప్పు నాది. నన్ను చూసి చేసుడు నేర్పిన. నన్ను చూడకుంట చేసుడు నేర్పలే. జర జర పక్కకు జరగాలె, ఎన్కకు పోవాలె, ఆఖరికి కనపడకుంట కావాలె. అప్పుడు అది వాళ్లదైతది. ఇప్పుడు అంత నా దగ్గర్నే ఉండిపాయె." బూటు దులపడం ఆపలేదు. "ఇంకొక్క ఏడు దొరికితె జరుగుత. ఫికర్ జెయ్యకుండ్రి."

ఇంకొక ఏడు దొరకలేదు. ఫిబ్రవరిలో పీరియడ్ తీసేసి పదో తరగతికి లెక్కల స్పెషల్ క్లాసు పెట్టారు. ఏప్రిల్‌లో శ్రావ్యకు టీసీ ఇచ్చారు. ఎండాకాలంలో గ్రౌండుకు సిమెంటు వేసి వ్యాన్లు నిలపడం మొదలుపెట్టారు. సారును వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే పనికి వేశారు. ఒకసారి రోడ్డు మీద కనిపించాడు, వ్యాను తలుపు దగ్గర నిలబడి. బూట్లకు సుద్ద లేదు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. శ్రావ్య ఊపింది. వ్యాను పోయింది.

కార్తీకంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మేం చూడడానికి వెళ్తే ఆయన భార్య చెప్పింది. "దవాఖానల ఏ చెయ్యి లేస్తలేదని అడిగితె, కుడి అన్నడమ్మా. పడిపోయింది ఎడమ. డాక్టరు కుడి చెయ్యి పట్టుకుని లేపు అంటడు, అది మంచిగనే లేస్తాంది. అంతసేపు గదే లొల్లి." చెప్తూ నవ్వబోయి, నవ్వలేకపోయింది.

మేం వెళ్లేసరికి మాట కూడా పోయింది ఆయనకు. మంచం మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. శ్రావ్య వెళ్లి ఎదురుగా నిలబడింది, గ్రౌండులో నిలబడ్డట్టే, కాళ్లు దగ్గర పెట్టి. అది చెయ్యి లేపి చూపిస్తుందేమో, ఆయన దాన్ని చూసి లేపుతాడేమో అని నాకు ఆశ పుట్టింది. అట్లా జరగలేదు. అది ఆయన మొదలుపెడతాడని ఎదురుచూస్తోంది.

ఆయనకు అర్థమైంది. నోరు ఒక పక్కకు లాగుకుపోయింది. కుడి చెయ్యి దుప్పటి మీద నుంచి మెల్లగా లేపాడు. శ్రావ్య తన ఎడమ చెయ్యి లేపింది. ఆయన దించాడు, అది దించింది. తర్వాత రెండో చెయ్యి రావాలి. ఆయన శ్రావ్య వైపు చూశాడు, తన చెయ్యి వైపు చూసుకున్నాడు. భుజం కొంచెం కదిలింది. చెయ్యి దుప్పటి మీదే ఉండిపోయింది. శ్రావ్య కుడి చెయ్యి కూడా ఒంటికి ఆనుకునే ఉండిపోయింది. అట్లా ఎంతసేపు నిలబడిందో నేను గడియారం చూడలేదు. ఆయన భార్యే వచ్చి, "ఇగ చాలు బిడ్డా," అని దాన్ని పక్కకు తీసుకుపోయింది.

ఇంటికి వచ్చాక దుకాణం వెనక గదిలో శ్రావ్య ఒక్కతే గోడకు ఎదురుగా నిలబడి చేస్తుంటే చూశాను. ఎడమ చెయ్యి పైకి, కిందికి. ఎడమ చెయ్యి పైకి, కిందికి. కుడి చెయ్యి లేపు బిడ్డా అన్నాను.

"అది సారుకు లేస్తలేదు నానమ్మా."

ఆయన పోయాడని చెప్పినప్పుడు ఏడవలేదు. "మరి ఎవరు నిలబడ్తరు?" అని అడిగింది. నేను నిలబడ్డాను. ఆయన చేసినట్టే ఎదురుగా నిలబడి, కుడి అంటూ ఎడమ లేపాను. నా మొహం చూసింది, నా చేతులు చూసింది, కూర్చుంది. మెట్ల మీద దాని ముందు వెనక్కి వెనక్కి దిగి చూశాను. డెబ్బై నాలుగేళ్ల మోకాళ్లు. నాలుగో మెట్టు దగ్గర మా కొడుకు వచ్చి ఇద్దరినీ పట్టుకున్నాడు. ఇద్దరం పడితే ఎవరు చేస్తారమ్మా అని కోప్పడ్డాడు. ఆ మాటా నిజమే.

ఆయన మంచం పట్టినప్పటి నుంచి పోయినవి ఇవి. మేజోడు ఉండ పట్టుకోవడం సంక్రాంతికి పోయింది. ముడి వేసిన దస్తీ శివరాత్రికి పోయింది. ఒంటి కాలు ఎండాకాలంలో పోయింది. గుండీలు ఒకటొకటిగా పోయి, ఇప్పుడు కింది గుండీ ఒక్కటి పెట్టుకుంటుంది. మెట్లు మళ్లీ గోడ పట్టుకునే. బతుకమ్మకు ఈ ఏడు అరుగు మీద కూర్చుంది, పద్మక్క పిలిచినా లేవలేదు. పోయినవాటిలో బడి ఒకటి. గ్రౌండు ఒకటి. మిగతా పది మంది ఎక్కడున్నారో నాకు తెలియదు, వాళ్లవి ఏమేం పోయాయో వాళ్ల ఇళ్లలో వాళ్లకు తెలిసి ఉంటుంది. మనిషి ఒకడు.

పడడం ఒక్కటి పోలేదు. మొన్న శుక్రవారం పొద్దున శ్రావ్య చివరి మెట్టు మీద నుంచి దుకాణంలోకి పడింది. మోకాళ్లు వంచి, చేతులు ముందుకు పెట్టి, తల పక్కకు తిప్పి పడింది. ఎక్కడా దెబ్బ తగల్లేదు. పడ్డది పడ్డట్టే ఉండి, తల మాత్రం ఎత్తి, గుమ్మం వైపు చూసింది. నేను శాబాష్ అన్నాను. అది గుమ్మం వైపే చూస్తూ ఉంది.